పచ్చ కుప్పసం

పోయిన వారం మనం వాళ్ళని విడిచిపెట్టేసరికి కూర్మమ్మ తన రేకు పెట్టెలోంచి తీసిన పచ్చటి గుడ్డని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఉంది. గుమ్మంలో నిలబడ్డ ఎర్రమ్మ దాన్ని చూసి, చేతిలో ఉన్న పసుపు కుంకుమల పళ్ళెం నేలమీద పెట్టేసి, "ఆ కుబుసం పిల్ల ఒంటిమీద పడితే ఈ పెళ్ళి జరగదు" అని ఒక్కటే మాట అంది.

ఎర్రమ్మ ఊరికే మాట తూలే మనిషి కాదు. మలయాలో సుంగై పెటాని దగ్గర రబ్బరు తోటలో చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, ఒక్కగానొక్క కొడుకు కన్నబాబుని పెంచి, తోటలోనే రబ్బరు ఆరబెట్టే పొగగదిలో పనికి కుదిర్చిన మనిషి. ఆ కొడుక్కి పిల్లని వెతుక్కుంటూ పెరాక్ నది మొగ దాకా వచ్చింది. హుటాన్ మెలింటాంగ్ దగ్గర కొబ్బరి తోట కూలీలుండే వరస ఇళ్ళలో, లయాల్లో, పోలయ్య కూతురు ముత్యాలుని చూసి, ఆ పిల్ల మాట, నడక, గలగలా నవ్వే నవ్వు అన్నీ నచ్చి, ఆ పూటే సరే అనేసింది. ముత్యాలుకి తల్లి లేదు. తల్లికి తల్లి కూర్మమ్మే పెంచింది. ఎల్లుండి పెళ్ళి. ఎర్రమ్మ కొడుకుని వెంటబెట్టుకుని తెలుక్ అన్సన్ దాకా రైల్లో, అక్కణ్ణించి పడవలో పెళ్ళిబట్టలతో సహా నిన్ననే దిగింది.

అలాంటి మనిషి నోట ఆ మాట వచ్చేసరికి ఇంట్లో అందరూ కొయ్యబారిపోయారు.

ముందుగా తేరుకున్నది కూర్మమ్మ.

"కుబుసం కాదమ్మా, కుప్పసం" అంది. "పలకడం తెల్దా?"

"ఏదైతే ఏటి? పాము ఇడిసేసిన తోలు పేరు అది. పెళ్ళికూతురు ఒంటికి పాముతోలు కప్పుతారేటి ఎక్కడైనా?"

"పాముతోలా? ఓలమ్మా, సూడు, ఇలగొచ్చి ముట్టుకుని సూడు. మెత్తగ లేదూ? అంచు సూడు."

గుడ్డ నిజంగా అందంగానే ఉంది. లేత అరటాకు పచ్చ. మోచేతికి పైదాకా వచ్చే చేతులు, చేతుల చివర పసుప్పచ్చ అంచు. ముందువైపు గుండీలూ కొక్కేలూ ఏమీ లేవు, రొమ్ము కింద ముడివేసుకోవడానికి రెండు పొడుగాటి కొసలున్నాయి. ఏళ్ళ తరబడి పెట్టెలో ఉండడంతో మడతల దగ్గర రంగు కాస్త వెలిసింది. పెట్టెలో వేసిన లవంగాల వాసన దాన్ని పట్టుకుంది.

ఎర్రమ్మ ముట్టుకోలేదు సరికదా, ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాను జాకెట్టు తెచ్చినాను" అంది. "మా ఊళ్ళో సీనాదేశపు టైలరు దగ్గర కుట్టించినాను. గులాబీ రంగు సిల్కు. అది ఏసుకుంటాది."

ముత్యాలు ఆ జాకెట్టు తెచ్చి చాప మీద పరిచింది. ఆ ఏడాది పట్నాల్లో ఆడపిల్లలందరూ మోజు పడుతున్న రకం అది. భుజాల దగ్గర చేతులు బుట్టల్లా పొంగి ఉన్నాయి. కూర్మమ్మ వంగి, ఆ బుట్టచేతిని వేలితో నొక్కింది. లోపలికి పోయి మళ్ళీ పైకి లేచింది.

"దీన్లో గాలి ఊదినారేటి? ముత్యాలు కాలవలో పడితే మునగదు, తేలిపోద్ది" అంది.

ముత్యాలు నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బయట అరుగు మీద కూర్చున్న కన్నబాబు లోపలి నుంచి ఆ నవ్వు వినగానే తను కూడా నవ్వేశాడు, ఎందుకో తెలియకుండానే. ఎర్రమ్మ కొడుకు వైపు ఒక చూపు చూసింది. కన్నబాబు వెంటనే కొబ్బరి చెట్ల వైపు తిరిగిపోయాడు.

"నవ్వండి" అంది ఎర్రమ్మ. "నాను మట్టుకు ఒప్పుకోను. ముసలమ్మా, నువ్వు పెద్దదానివి, నిన్ను ఒక మాట అనను. కానీ అది పెళ్ళికి పనికిరాదు."

"ఇదే ఏసుకుని నాను పెళ్ళాడినాను. ఇదే ఏసుకుని నా కూతురు పెళ్ళాడింది."

"నీ కూతురు లేదు కదమ్మా ఇప్పుడు."

ఆ మాట అనేశాక ఎర్రమ్మే నాలిక కరుచుకుంది. కూర్మమ్మ చేతులు మెల్లగా కిందికి దిగాయి. అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ పోలయ్య ముందుకొచ్చాడు. పోలయ్య మెతక మనిషి. కొబ్బరికాయలు దించే వాళ్ళ మీద మేస్త్రీ అయినా ఎవరినీ గొంతెత్తి అరవడు.

"అక్కా, ఆ మాట వద్దు" అన్నాడు ఎర్రమ్మతో. "నా ఆడదాన్ని ఆ పచ్చదాన్లోనే సూసినాను మొదటిసారి. ఈ గుమ్మంలోంచే వచ్చినాది. తలొంచుకుని ముడి సరిసేసుకుంటా వచ్చినాది. తర్వాత ఎన్నేళ్ళైనా, నా కళ్ళకి అది అలగే ఉండిపోనాది. జొరం వచ్చి పోనాది తల్లీ, బట్ట వల్ల పోలేదు."

ఎర్రమ్మ తల దించుకుంది. అయినా "సరే" అని మాత్రం అనలేదు.

పోలయ్యకి ఒక ఆలోచన తట్టింది. గొడవ అంతా ఒక పేరు గురించే కదా, పేర్ల సంగతి తెలిసిన మనిషిని పిలిస్తే పోదా అనుకున్నాడు. తోటలో తెలుగు బడి నడిపే ప్రకాశం మాస్టారి కోసం బయల్దేరాడు.

ప్రకాశం మాస్టారు విశాఖపట్నం వైపు క్రైస్తవ కుటుంబంలో పుట్టి, మిషన్ బడిలో చదువుకుని, పెనాంగ్ ఓడెక్కి వచ్చినవాడు. ఒంటరివాడు. పిల్లలకి అక్షరాలు నేర్పడం ఆయన ఉద్యోగమైతే, మాటలు ఎక్కణ్ణించి పుట్టాయో తవ్వుకోవడం ఆయన సరదా. తోటలో ఎవరైనా దారి ఆపి "మాస్టారూ, ఫలానా మాట ఏటండీ?" అని అడిగితే చాలు, ఆయన గొడుగు మూసేసి ఎండలోనే నిలబడిపోయి చెప్పడం మొదలుపెట్టేవాడు. కాబట్టి పోలయ్య విషయం చెప్పగానే ఆయన చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి వచ్చేశాడు.

"ఎక్కడ? ఎక్కడ ఆ కుప్పసం?" అంటూ లోపలికొచ్చి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. ఆయన ముఖంలో ఆనందం చూస్తే అప్పుడే పుట్టిన బిడ్డను ఎత్తుకున్నట్టుంది.

"ఎర్రమ్మగారూ, మీరన్నదీ అబద్ధం కాదు. కూర్మమ్మగారు అన్నదీ నిజమే. కుప్పసం, కుబుసం రెండూ ఒకటే మాట. సంస్కృతంలో కూర్పాసం అనేవారు, కూర్పాసకం అని కూడా. ఒంటికి అంటుకుని ఉండేలా కుట్టిన బట్ట. అది మన నోళ్ళలో పడి అరిగి అరిగి కుప్పసం అయింది. కన్నడం వాళ్ళు కుప్పస అంటారు. ఈ పక్క లయంలో తమిళం వాళ్ళని అడగండి, కుప్పాయం అంటే వాళ్ళకీ తెలుస్తుంది. మలయాళం వాళ్ళకైతే మరీ బాగా తెలుస్తుంది. రాజుల కాలంలో, మన పెద్దల పెద్దలు పుట్టకముందు, మంచి ఇళ్ళలో ఆడవాళ్ళు కట్టే రవికకి ఇదే పేరు. రవిక అన్న మాట ఉంది, కంచుకం అన్న మాట ఉంది, కానీ కుప్పసం అన్నప్పుడు ఉన్న సొగసు వాటికి ఎక్కడిది?"

"మరి పాము సంగతేటి మాస్టారూ?" అంది ఎర్రమ్మ.

"అదే చెబుతున్నా. ముందు పుట్టింది బట్ట పేరు. తర్వాత ఎవరో మంచి చూపున్న మనిషి, పొదలో పాము విడిచిన పొరని చూశాడు. పల్చగా, పాము ఆకారమే ఉంది, లోపల మాత్రం పాము లేదు. అచ్చం ఆడమనిషి విప్పి పెట్టిన కుప్పసంలా ఉందే అనుకున్నాడు. ఆ పేరే దానికి పెట్టేశాడు. పాము మన దగ్గర పేరు అరువు తీసుకుంది గానీ, మనం పాము దగ్గర తీసుకోలేదు. కంచుకానికీ ఇదే కథ. బట్ట ముందు, పాము తర్వాత."

"మొగోళ్ళు ఏసుకునేవారు కాదు కదా?" అన్నాడు పోలయ్య, ఊరికే తెలుసుకుందామని.

"ఎందుకు వేసుకోలేదూ? కొన్నిచోట్ల సైనికులు కూడా వేసుకునేవారు."

పోలయ్య ఆ పచ్చ గుడ్డ వైపు, తన పొట్ట వైపు చూసుకుని ఇంకేం అడగలేదు.

కూర్మమ్మ గెలిచిన దానిలా ఎర్రమ్మ వైపు చూసింది. కానీ ఎర్రమ్మ ముఖంలో రవ్వంత కూడా మార్పు లేదు. మాస్టారు చెప్పింది ఆమె శ్రద్ధగానే విన్నది. అర్థం కాకపోవడం కాదు.

"మీరు సదూకున్నోళ్ళు. మీరు సెప్పింది తప్పని అనను" అంది. "కానీ నా మనసు ఒప్పదు మాస్టారూ. పేరు ఎక్కడ పుట్టిందో తెలిసినంత మాత్రాన భయం పోదు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అప్పటిదాకా నోరు మెదపని ముత్యాలు కూర్మమ్మ పక్కన వచ్చి కూర్చుంది. ఆ పిల్లకి ఇద్దరి మీదా ఇష్టమే. పెంచిన అమ్మమ్మ ఒకవైపు, రాబోయే అత్త ఇంకోవైపు. రెండు చేతులూ రెండువైపులా లాగుతున్నట్టుంది ఆమెకి.

"అమ్మమ్మా, మాస్టారు రాజులు అంటన్నారు, మంచి ఇల్లు అంటన్నారు. మనది కూలి ఇల్లు కదా. మీ అమ్మకి ఇది ఎక్కడిది? మీ అమ్మే ఇచ్చిందని అందరం అనుకుంటన్నాం."

"నాను అలగ సెప్పినానేటి ఎప్పుడైనా?"

"చెప్పలేదు. మరి ఎవరిది?"

కూర్మమ్మ గుడ్డను ఒళ్ళో పెట్టుకుని, మడత పెట్టబోయి, ఆగింది. ఎవరూ ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న అడగలేదు. అడిగితే చెప్పకుండా ఉండేదీ కాదు.

"మా అమ్మ ఒంటిమీద కుట్టిన గుడ్డ నాను ఎప్పుడూ సూడలేదు" అంది. "అమ్మేటి, మా ఊళ్ళో మా పేటలో ఏ ఆడదాని ఒంటిమీదా సూడలేదు. కోక ఒకటి, దాన్నే సుట్టుకుని, కొంగు బిగించి ముడేసుకుంటే అయిపోనట్టే. రవికలు దొరగారింట్లో ఆడోళ్ళకి. మేం ఏసుకుంటే ఊరుకునేవారు కాదు. ఆ మాట ఎవరూ సెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. కానీ మా అమ్మ నాట్లేసేప్పుడు ఒక పాట పాడేది. రాణమ్మ అలిగి కూకుంటాది, రాజు వచ్చి బతిమాలతాడు, అప్పుడు ఆయమ్మ లేచి పచ్చ కుప్పసం తొడుక్కుని ముందర ముడేసుకుంటాది. అంతే పాట. నడుం వంచి బురదలో నాటుతా, ఒంటిమీద గుడ్డ సరిగ్గా లేని ఆడోళ్ళందరూ ఆ కుప్పసం గురించి పాడుకునేవారు. చేతులు ఇంత, అంచు ఇలగ, ముడి ఇక్కడ అని పాటలోనే అంతా ఉండేది. నాను సిన్నప్పుడు అడిగినాను, 'అమ్మా, కుప్పసం అంటే ఏటి?' అని. మా అమ్మకీ సరిగ్గా తెల్దు. 'మంచిది' అన్నాది. అంతే సెప్పింది."

మాస్టారు కళ్ళజోడు చేతిలోనే పట్టుకుని వింటున్నాడు.

"ఓడెక్కి ఇక్కడికొచ్చినాక, మొదట్లో సెరుకు తోటలో పని. నది ఒడ్డున మలాయి కంపొంగ్, అదే మలాయి వాళ్ళ పల్లె, ఉండేది. అక్కడ మక్ తిమా అని ఒకామె, సేపలు పట్టే వాళ్ళింటి ఆడది. ఆమె చేతిలో సూది నిలవదు, అంత బేగి కుడతాది. నాను కోక కొంగు కప్పుకుని నీళ్ళకి ఎల్లేదాన్ని. ఆమె నన్ను సూసి ఒకరోజు పిలిచింది. తను తొడుక్కున్న బాజు, అదే పై సొక్కా, సూపించి, నీకు లేదా అని సైగ సేసింది. నాకు మలాయి రాదు. ఆమెకి తెలుగు రాదు. నాను ఏటి సెప్పను? కుప్పసం అన్నాను. ఆమె నవ్వినాది. 'కుప్సా?' అన్నాది. అప్పుడు నాను పాట పాడినాను."

"పాడినావా?" అంది ముత్యాలు.

"పాడినాను మరి. పాడతా, చేతులు ఇక్కడిదాకా అని సూపించినాను. అంచు పసుపు అన్నప్పుడు మా వంటింట్లో పసుపుకొమ్ము తెచ్చి సూపించినాను. ముడి అన్నప్పుడు కొంగుతో ముడేసి సూపించినాను. ఆమె తలూపతా ఊపతా, బొగ్గుతో చెక్కమీద గీత గీసింది. తర్వాత ఆ వారం ఆకుపచ్చ గుడ్డ తెచ్చి కుట్టేసింది. నాను తొడుక్కుని నది నీళ్ళలో నన్ను నాను సూసుకున్నాను. ఓలమ్మా, మా అమ్మ పాడిన రాణమ్మ అంటే నానేనా అనుకున్నాను. మక్ తిమా అందంగ ఉన్నానని 'చాంతిక్, చాంతిక్' అంటా చప్పట్లు కొట్టినాది. ఆరోజు ఏడ్చినాను. మా అమ్మ ఉండి ఉంటే ఆమెకి తొడిగి ఉందును కదా అని."

పక్క లయంలో ఎవరో కొబ్బరి చీలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

ప్రకాశం మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "కూర్మమ్మగారూ" అన్నాడు, "నేను రాజుల కాలం నుంచి వచ్చింది అని చెప్పానే, వచ్చిన దారి మాత్రం నాకు తెలియదు. అది మీ అమ్మగారి నోట్లో వచ్చింది."

"మీరు సెప్పింది బాగుంది మాస్టారూ" అంది కూర్మమ్మ. "పాము మన దగ్గర పేరు అరువు తీసుకుంది అన్నారు సూడండి, అది మా ఇంట్లో అందరికీ సెప్తాను."

మాస్టారికి అదే చాలు.

ఎర్రమ్మ ఎప్పుడు లేచిందో ఎవరూ గమనించలేదు. మెల్లగా వచ్చి కూర్మమ్మ ఎదురుగా చాప మీద కూలబడింది. ఇందాక ముట్టుకోనన్న గుడ్డని ఇప్పుడు తనే తీసుకుంది. అంచు మీద వేలు పోనిచ్చింది. చేతుల కింద, చంకల దగ్గర కుట్టిన చోట చిన్న ముక్కోణపు అతుకు ఒకటి ఉంది, చెయ్యి పైకెత్తినప్పుడు బిగుసుకోకుండా. మలాయి ఆడవాళ్ళు తమ బాజులకి అలాగే కుడతారు. ఆ అతుకు దగ్గర ఎర్రమ్మ వేలు ఆగిపోయింది.

"నా భయం ఏటో సెప్పనా అమ్మా?" అంది. ఆమె గొంతు ఇప్పుడు పూర్తిగా వేరేగా ఉంది. "నాను మా అమ్మని పోగొట్టుకున్నప్పుడు సిన్నదాన్ని. ముఖం కూడా సరిగ్గా గేపకం లేదు. ఒక్కటే గేపకం. ఇంటి ముందర పడుకోబెట్టినారు. లయంలో ఆడోళ్ళు ఒకరితో ఒకరు, 'దాని కుబుసం తొడగండి, అది దానికి పేణం' అనుకున్నారు. తొడిగినారు. పచ్చది. నాను దగ్గిరకెల్లి అమ్మ చంకలో తల పెట్టుకుని తొంగున్నాను. ఎత్తుకుపోయేదాకా అలగే ఉన్నాను. తర్వాత ఎవరో పిల్లలు, కుబుసం అంటే పాము ఇడిసేది అని సెప్పినారు. అప్పణ్ణించీ నాకు అది అమ్మ ఇడిసేసి ఎల్లిపోయిన తోలే. ఇందాక పెట్టె తీసి నువ్వు ఆ పచ్చగుడ్డ ఎత్తి పట్టుకునేసరికి, నా కోడల్ని పడుకోబెట్టి తొడుగుతన్నట్టు కనపడింది. అందుకని అలగన్నాను. నీ కూతుర్ని అన్న మాటకి నన్ను కొట్టమ్మా."

కూర్మమ్మ చెయ్యెత్తింది. కొట్టడానికి కాదు, ఆమె తల నిమరడానికి. "పిచ్చి తల్లీ" అంది. "ఆ మాట ముందే సెప్తే ఇంత గొడవ ఎందుకు? వద్దంటే వద్దు. ముత్యాలు ఆ గాలిబుట్టల జాకెట్టే ఏసుకుంటాది."

"వద్దు" అంది ఎర్రమ్మ వెంటనే. కళ్ళు తుడుచుకుని, గుడ్డను ముత్యాలు భుజాల మీద పరిచి చూసింది. "ఇదే ఏసుకోవాలి. నువ్వు నది నీళ్ళల్లో సూసుకుని రాణమ్మని నానేనా అని మురిసిపోనావు సూడు, ఆ సంబరం దీనికి ఉన్నాదని నాకు తెల్దు. నాకు ఏడుపే తెలుసు. ఇప్పుడు రెండూ తెలిసినాయి. నా కోడలు ఇది తొడుక్కుని నా ఇంట్లో అడుగెట్టితే, నాకు ఆ భయం పోద్ది."

"మరి జాకెట్టు?" అంది ముత్యాలు.

"అది పెళ్ళైన మర్నాడు ఏసుకో. సినిమాకి ఎల్లినప్పుడు ఏసుకో. కాలవలో పడినప్పుడు ఏసుకో."

అందరూ నవ్వారు. గుమ్మం బయట కన్నబాబు కూడా నవ్వాడు, ఈసారి ఎందుకో తెలిసే. తల్లి "రా లోపలికి, ఎందుకు దొంగలాగ ఇంటన్నావు?" అనేసరికి సిగ్గుపడుతూ వచ్చి పోలయ్య పక్కన కూర్చున్నాడు. ముత్యాలు భుజాల మీద పచ్చ గుడ్డ అలాగే ఉంది. కన్నబాబు ఒక్కసారి చూసి చూపు తిప్పేసుకున్నాడు. మళ్ళీ చూశాడు.

కథ ఇక్కడ ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేదో అని ఆ తర్వాత చాలాకాలం పోలయ్య అనుకున్నాడు.

కూర్మమ్మ వక్క కత్తిరిస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగింది. "మీ అమ్మకి పచ్చది ఎక్కడిదే ఎర్రమ్మా? అదీ రవికేనా? ఎవరు కుట్టినారు?"

"తెల్దమ్మా. అమ్మ దక్షిణం నుంచి వచ్చినాదని సెప్పుకునేవారు. నది దగ్గర తోటలోంచి పెళ్ళాడి పడవలో వచ్చినాదంట మా అయ్యతోటి, ఉత్తరాన సెరుకు తోటలకి. ఇదిగో, ఈ అతుకు ఉన్నాది చూడు చంక కింద, అచ్చం ఇలాంటిదే దానికీ ఉండేది. నా చెంపకి గుచ్చుకున్నాది ఆరోజు. అందుకే గేపకం."

అడకత్తెర కూర్మమ్మ చేతిలో ఆగిపోయింది.

"మీ అమ్మ పేరేటి?"

"కన్నమ్మ."

కూర్మమ్మ వక్కా కత్తెరా కిందపెట్టింది. ఒక్కసారిగా ఎర్రమ్మ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పింది. నుదురు చూసింది, కనుబొమలు చూసింది, చెవి వెనక్కి జుట్టు తోసి చూసింది.

"మక్ తిమా రెండు కుట్టింది" అంది. "ఒక గుడ్డలోంచే రెండు. ఒకటి నాకు, ఒకటి నా సెల్లికి. కన్నమ్మ పెళ్ళాడి పడవెక్కినప్పుడు, రేవులో దాని చేతిలో నానే పెట్టినాను. 'అక్కా, మళ్ళీ ఎప్పుడు?' అన్నాది. ఆ పడవ ఎల్లినాక ఒక్క కబురు లేదు. ఎవరిని అడిగినా తెల్దన్నారు. నువ్వు దాని కూతురివా? నా కన్నమ్మ కూతురివా?"

ఇన్నేళ్ళూ అమ్మ గురించి చెప్పే మనిషి ఒక్కరు కూడా లేని ఎర్రమ్మ, ఎదురుగా ఉన్న ముసలమ్మ ఒళ్ళో తల పెట్టేసి చిన్నపిల్లలా ఏడ్చేసింది. కూర్మమ్మ ఆమె వీపు మీద వాలిపోయి ఏడ్చింది. ముత్యాలు ఇద్దర్నీ చుట్టేసుకుంది. ముగ్గురి మధ్యా పచ్చ కుప్పసం నలిగిపోయింది. మాస్టారు గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

"ఎంత సంతోషం, ఎంత సంతోషం!" అన్నాడు ఇటు తిరిగి. "పరాయి సంబంధం అనుకున్నాం, చివరికి సొంత మనుషులే అయ్యారు. కూర్మమ్మగారి చెల్లెలి కూతురు ఎర్రమ్మగారు. కూర్మమ్మగారి కూతురికి ఈవిడ చెల్లెలు వరస. అంటే ముత్యాలుకి పిన్ని అవుతారు. కన్నబాబు పిన్ని కొడుకు, కాబట్టి ముత్యాలుకి..."

ఆయన నోరు తెరిచే ఉంది. మాట మాత్రం ఆగిపోయింది.

పూర్తి చెయ్యాల్సిన అవసరం కూడా లేదు. ఆ గదిలో వరసలు లెక్కపెట్టడం రానివాళ్ళు ఎవరూ లేరు. అక్కచెల్లెళ్ళ కూతుళ్ళు అక్కచెల్లెళ్ళే. వాళ్ళ పిల్లలు అన్నాచెల్లెళ్ళే. కన్నబాబు తల మెల్లగా కిందికి వాలిపోయింది. ముత్యాలు చేతులు ఇద్దరి మీద నుంచీ జారిపోయాయి.

పోలయ్య అందరికంటే ముందు మాట కూడదీసుకున్నాడు. "అత్తా" అన్నాడు కూర్మమ్మతో, బతిమాలుతున్నట్టు. "ఆ రోజుల్లో ఓడలో పక్కపక్కన కూకుని వచ్చినోళ్ళు కూడా అక్కా సెల్లీ అనుకునేవారు కదా. మా అమ్మకీ అలాంటి సెల్లెలు ఉండేది, మేం పిన్నీ అనే పిలిచేవోళ్ళం, నెత్తుటి సమ్మంధం లేదు. కన్నమ్మ కూడా అలగేనా? ఓడ సెల్లా? సెప్పు అత్తా, ఆ ఒక్క మాట సెప్తే సాలు."

అందరి చూపులూ కూర్మమ్మ మీద పడ్డాయి. ఆమె పెదవులు కదిలాయి.

"సెప్పకు!" అంటూ ఎర్రమ్మ చటుక్కున లేచి ఆమె నోటిని అరచేత్తో మూసేసింది. "ఇప్పుడే సెప్పకమ్మా. ఓడ సెల్లి అంటే నాకు దొరికిన పెద్దమ్మ ఇంతలోనే పోద్ది. కడుపు సెల్లి అంటే నా కొడుక్కి పెళ్ళి పోద్ది. నాకు రెండూ కావాలి. కాసేపు ఉండనీ, ఇలగే ఉండనీ."

ముత్యాలు ముందుకొచ్చి, ఎర్రమ్మ మణికట్టు పట్టుకుంది. పిలవడానికి నోరు తెరిచింది. నిన్నటిదాకా నోటికి అలవాటైన "అత్తా" అన్న పిలుపు గొంతులోనే ఉండిపోయింది. "పిన్నీ" అనడానికి నోరు రాలేదు. ఏ పేరుతోనూ పిలవకుండానే, ఆ చేతిని మెల్లగా అమ్మమ్మ పెదవుల మీద నుంచి తీసేసింది.

"సెప్పు అమ్మమ్మా" అంది. "ఏదైనా పర్లేదు. నిజమే సెప్పు."

కూర్మమ్మ ఎర్రమ్మ చేతిని తన చేతిలోకి తీసుకుంది, రెండో చేత్తో కన్నబాబుని దగ్గరికి రమ్మని పిలిచింది.

"కన్నమ్మని మా ఇంటికి తెచ్చిన రోజు నాకు బాగా గేపకం" అని మొదలుపెట్టింది. ఆ మిగతా కథ వచ్చే వారం.